వెన్ను దెబ్బ తర్వాత పిల్లలు: నల్గొండ, పాలమూరు వైపు వాళ్లు మీ అనుభవాలు చెప్పండి

కొండమల్లేపల్లి చెల్లె

అందరికీ నమస్తే. నా వయసు 26. మూడేళ్ల కింద పత్తి ఏరే కూలికి పోతుంటే ఆటో బోల్తా పడింది. సీజన్‌లో ఒక్కో ఆటోలో ఎంతమంది ఎక్కుతామో మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. నాకు వెన్నులో డి8 (ఛాతీ వెనక పూసల్లో పైనుంచి ఎనిమిదోది) దగ్గర విరిగింది, రాడ్లు వేశారు. బొడ్డుకు కాస్త పైనుంచి కిందికి స్పర్శ లేదు. వీల్‌చైర్‌లో ఉంటాను. యూరిన్ నేనే పైపు పెట్టి తీసుకుంటాను. దెబ్బ తగిలాక కొన్ని నెలలు డేట్ రాలేదు, ఇప్పుడు మామూలుగానే వస్తోంది.

మా ఆయన, నేను ఒక బిడ్డ కావాలనుకుంటున్నాం. మా అత్తమ్మ "నిన్ను చూసుకునుడే అయితలేదు, చంటిపిల్లను ఎవరు చూస్తరు" అంటోంది. ఆమె మాటను తప్పు పట్టను, రేపు చేయాల్సింది ఆమెనే. కానీ మేం వెళ్లిన ఒక ఆస్పత్రిలో డాక్టరమ్మ ఫైలు తెరవకముందే "ఈ పరిస్థితిలో నీకు ఇవన్నీ ఎందుకమ్మా" అంది. ఎందుకు వద్దో చెప్పి ఉంటే విని వచ్చేదాన్ని. ఏమీ చెప్పలేదు.

ఇలాంటి దెబ్బ తగిలి పిల్లల్ని కన్నవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. ధైర్యం చెప్పొద్దు, ఏం జరిగిందో చెప్పండి.

పాలమూరు బిడ్డ

నాది డి4 చెల్లె. పుణెలో బిల్డింగ్ పనికి వలస పోయినప్పుడు సెంట్రింగ్ మీది నుంచి పడ్డాను. అప్పటికి పెళ్లయింది, పిల్లలు లేరు. ఇప్పుడు బాబు బడికి పోతున్నాడు.

వెన్నుపాము దెబ్బతింటే ఆడవాళ్లకు గర్భసంచి, అండాలు పాడు కావు. డేట్ ఆగేది దెబ్బ షాక్‌కి, చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి మొదలవుతుంది. డేట్ రాకముందే అండం విడుదల కావచ్చు కూడా. "ఇంకా డేటే రాలేదు కదా" అనుకుని ఏ జాగ్రత్తా పాటించకపోతే నెల తప్పే అవకాశం ఉంది. కొత్తగా దెబ్బ తగిలినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ల కోసం చెప్తున్నా.

అసలు సంగతి మన నంబర్‌లో ఉంది. డి6, అంతకంటే పైన దెబ్బ ఉన్నవాళ్లకు ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అని ఒకటి వస్తుంది. స్పర్శ లేని భాగంలో ఏదైనా ఇబ్బంది అయితే మనకు తెలియదు కానీ ఒంటికి తెలుస్తుంది. మూత్రాశయం నిండినా, విరేచనం గట్టిపడినా, పుండు పడినా, గర్భసంచి బిగుసుకున్నా బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. తల పగిలిపోతున్నట్టు నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు. వెంటనే చూసుకోకపోతే మెదడులో రక్తస్రావం దాకా పోవచ్చు.

నెలలు నిండుతున్నప్పుడు నాకు ఇదే వచ్చింది. దగ్గరలో ఉన్న నర్సింగ్ హోమ్‌కు పోతే గర్భిణులకు వచ్చే బీపీ అనుకున్నారు. అందులో వాళ్లను పూర్తిగా అనలేం, పైకి రెండూ ఒకేలా ఉంటాయి. మా ఆయన దుప్పటి ఎత్తి చూస్తే పైపు నా తొడ కింద మడత పడి ఉంది. దాన్ని సరి చేసి, నన్ను నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి దించి, లంగా బొందు వదులు చేశాడు. సంచిలోకి యూరిన్ వచ్చింది, బీపీ దిగడం మొదలైంది. ఆ డ్యూటీ డాక్టరు చిన్నాయన, మంచివాడు. అప్పటికప్పుడు ఫోన్‌లో దాని గురించి చదువుకుని వచ్చి మళ్లీ మమ్మల్నే అడిగాడు.

ఇంకో మాట. మా బీపీ మామూలు రోజుల్లో 90/60 అలా ఉంటుంది. 130 అంటే అందరికీ నార్మల్, మాకు అది ఎక్కువ. ఈ సంగతి ఫైలు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాయించుకున్నాం.

కాన్పు నార్మలే. చివర్లో నేను తోయలేకపోతే వాక్యూమ్ పెట్టి తీశారు. "నీకు నొప్పి తెలియదు కదా, నడుములో ఇంజెక్షన్ ఎందుకు" అని ఒకరు అన్నారు. ఆ ఎపిడ్యూరల్ మాకు నొప్పికి కాదు, బీపీ ఎగబాకకుండా. నొప్పులు మొదలవగానే పెట్టాలి. అందుకే మత్తు డాక్టరును ముందే కలవాలి. నీకు రాడ్లు ఉన్నాయి కాబట్టి సూది ఎక్కడ పెట్టాలో ఆయన ఎక్స్‌రే చూసి ఆలోచించుకోవాలి. అర్ధరాత్రి లేబర్ రూమ్‌లో మొదలుపెట్టే పని కాదు అది.

కొండమల్లేపల్లి చెల్లె

అక్కా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. నాది డి8 కదా, ఆ బీపీ సంగతి నాకు వర్తిస్తుందా?

లేబర్‌రూమ్ సిస్టర్

ఉమ్మడి నల్గొండలో స్టాఫ్ నర్సును. డి8కి ఆ ప్రమాదం తక్కువ. అస్సలు రాదని మాత్రం అనుకోవద్దు, లక్షణాలు తెలిసి ఉంటే చాలు. నీకు అంతకంటే ముఖ్యమైన సమస్య వేరే ఉంది. గర్భసంచి నొప్పిని మోసే నరాలు డి10 నుంచి ఎల్1 (నడుము పూసల్లో మొదటిది) మధ్య వెన్నుపాములోకి వెళ్తాయి. దెబ్బ దానికి పైన ఉంటే నొప్పులు మొదలైనా తెలియకపోవచ్చు. నెలలు నిండకముందే నొప్పులు వచ్చి, ఇంట్లో ఎవరూ గమనించకుండా కాన్పు అయిపోయే ప్రమాదం నీలాంటివాళ్లకే ఎక్కువ.

దీనికి ఖరీదైన మిషన్ అక్కర్లేదు. ఏడో నెల నుంచి రోజూ కాసేపు పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టి చూసుకోవాలి. గట్టిపడి, మళ్లీ మెత్తబడి, కొంతసేపటికి మళ్లీ గట్టిపడుతుంటే అవి నొప్పులే. చేతికి స్పర్శ ఉంది కదా, దానితో పట్టుకోవచ్చు. కాళ్లు ఉన్నట్టుండి ఎక్కువ బిగుసుకోవడం, ఆయాసం, ఎందుకో తెలియని గుబులు, చెమట, వీటిని కూడా నొప్పుల కిందే లెక్కేసి రావాలి. మేము అలాంటివాళ్లను ఆ నెలల్లో వారం వారం రమ్మని గర్భసంచి ముఖద్వారం చూస్తాం. ఊరు దూరమైతే తొమ్మిదో నెల పడకముందే ఆస్పత్రి దగ్గర చుట్టాలింటికి మారిపోతే మంచిది. దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చేవాళ్లకు దారిలోనే గంట పోతుంది.

నెల తప్పకముందే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. కిడ్నీలు, మూత్రాశయం స్కాన్ చేయించి రాళ్లు లేవని చూసుకో. ఎక్కడైనా పుండు ఉంటే మానాకనే ప్లాన్ చేసుకో. ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టు. కాళ్ల బిగుతుకు బాక్లోఫెన్ వాడుతున్నావా? వాడుతుంటే నీ అంతట నువ్వు ఆపొద్దు, ఒక్కసారిగా ఆపడమూ ప్రమాదమే. డాక్టరుకు చెప్పు. తల్లి వాడిన బాక్లోఫెన్ ప్రభావం పుట్టిన బిడ్డ మీద కొన్ని రోజులు ఉండొచ్చు, పిల్లల డాక్టరుకు ఆ సంగతి తెలిసి ఉండాలి. నరాల మంటకు వాడే మాత్రల గురించీ ఇలాగే అడుగు.

యూరిన్ ఇన్ఫెక్షన్ ఎలాగూ వస్తూ పోతూ ఉంటుంది, నీకు తెలుసు. కడుపుతో ఉన్నప్పుడు దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, కిడ్నీల దాకా పోతే నెలలు నిండకుండానే నొప్పులు రావచ్చు. పొట్ట పెరిగాక పైపు పెట్టుకోవడానికి వంగడం కష్టమవుతుంది, చివరి నెలల్లో చాలామందికి పైపు అలాగే ఉంచేస్తారు.

నకిరేకల్ మాష్టారు

అమ్మా, బాధపెట్టాలని కాదు. మీ అత్తగారి ప్రశ్నకు ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు. కాన్పు ఒక్క రోజు. పెంచేది ఇరవై ఏళ్లు. కూలి చేసుకునే ఇంట్లో ఒక మనిషి మంచాన ఉంటే ఇంకో మనిషి పనికి పోలేడు. పైన పసిబిడ్డ. దత్తత గురించి ఆలోచించారా?

సూర్యాపేట బావ

మాష్టారూ, ఆమె మంచాన లేదు, వీల్‌చైర్‌లో ఉంది. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. నా భార్యది ఎల్1. మాకు పాప. దత్తత బిడ్డను పెంచడానికైనా చేతులు కావాలి కదా సార్, ఆ లెక్కన మీ సలహా ఎక్కడికీ పోదు.

కానీ పనెవరు చేస్తారనేది నిజమైన ప్రశ్నే, దాటేయొద్దు. మా ఇంట్లో నడిచిన తీరు చెప్తా. మంచం ఎత్తు వీల్‌చైర్ సీటు ఎత్తుకు సరిపోయేలా కాళ్లు కోయించాను. పాప తొట్టెల దూలానికి వేలాడేసినా, తన ఒడి ఎత్తుకు వచ్చేలా తాడు పొడవు చేశాం. ఒళ్లో పాపతో చైర్ తోసుకోవడానికి నడుముకు కట్టుకునే వెడల్పాటి పట్టీ దర్జీ దగ్గర కుట్టించాం. స్నానం మాత్రం మా అమ్మ పోసేది, కింద కూర్చుని కాళ్ల మీద వేసుకుని పోసేది మా ఆవిడ వల్ల కాదు. పాప పాకడం మొదలుపెట్టాక చాలా కష్టమైంది, అబద్ధం చెప్పను. చైర్ అందుకునేలోపు గడప దాటేసేది. గుమ్మానికి అడ్డంగా చెక్క పెట్టాం. విచిత్రం ఏమిటంటే కొంచెం పెద్దయ్యాక పాపే చైర్ ఎక్కి ఒళ్లో కూర్చోవడం నేర్చుకుంది, మేం నేర్పలేదు.

పని మానాల్సి వచ్చింది నాకే, కొన్నాళ్లు. మిల్లులో హమాలీ వదిలి ఇంటి ముందు చిన్న కిరాణా పెట్టుకున్నాం. లాభం తక్కువ. వికలాంగుల పింఛను తోడైంది. 2023లో దాన్ని 3,016 నుంచి 4,016 చేశారు. వైకల్యం సర్టిఫికెట్ లేకపోతే ముందు అది తీసుకోండి.

ఆస్పత్రిలో అన్నిటికంటే విసుగు పుట్టించింది బరువు తూకం. కడుపుతో ఉన్నవాళ్లకు ప్రతి చెకప్‌లో బరువు చూడాలి. ఆమె నిలబడలేదు. చివరకు నేను ఆమెను ఎత్తుకుని తూకం ఎక్కి, నా బరువు తీసేసేవాళ్లం. తొమ్మిదో నెలలో ఆ లెక్కకు నా నడుము పోయింది. స్కాన్ రూమ్ పై అంతస్తులో, లిఫ్ట్ రిపేర్‌లో. వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

నకిరేకల్ మాష్టారు

మీరు చెప్పిన తీరు బాగుంది బాబూ. మా ఊళ్లో ఒకరిని చూసి అన్నాను. ఆ ఇంట్లో మీలాంటి మగమనిషి లేడు.

హైవే 65

నాది వెన్ను కాదు, కటి ఎముకలు. చౌటుప్పల్ దగ్గర స్కూటీని లారీ తగిలింది. ముందు వైపు ప్లేటు, వెనక స్క్రూ. నాకు పిల్లలంటే అందరూ పెద్దాపరేషన్ అనే ముందే తేల్చేశారు. మా డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి, ఎముక వంకర లేకుండా అతుక్కుంది, ప్లేటు ఉందన్న ఒక్క కారణంతో కోయక్కర్లేదు, బిడ్డ సైజు చూసి నొప్పులు వచ్చాక చూద్దాం అన్నారు. నార్మల్ అయింది. ముందు వైపు ఎముకల జాయింటు దగ్గర నొప్పి మాత్రం చివరి నెలల్లో నరకం, పక్క మీద అటు ఇటు తిరగాలంటే ఏడుపొచ్చేది.

మిర్యాల వదిన

పైన చెప్పింది అందరికీ అలా జరగదు చెల్లి. నాకూ కటి ఎముకే, ఒక వైపు వంకరగా అతుక్కుంది. లోపల దారి ఇరుకైందని ఆపరేషనే చేశారు. కటి విరిగినవాళ్లలో మామూలు వాళ్లకంటే ఆపరేషన్ కాన్పులు ఎక్కువే అవుతాయి. కొన్ని నిజంగా అవసరమై, కొన్ని డాక్టర్ల భయంతో. మీరు చేయాల్సిందల్లా ఎముకల డాక్టరుతో ఒక కాగితం రాయించుకోవడం: ఎముక ఎలా అతుక్కుంది, దారి వెడల్పు సరిపోతుందా, కాళ్లు ఎడంగా పెట్టగలరా అని. మూత్రాశయం దగ్గర కూడా దెబ్బ తగిలి రిపేరు చేసి ఉంటే అది తప్పకుండా రాయించండి, ఆపరేషన్ చేసేవాళ్లకు లోపల అతుక్కుపోయి ఉండొచ్చని తెలియాలి.

మర్రిగూడ నుంచి

దెబ్బలు కాకపోయినా అడుగుతున్నా. మా వైపు ఫ్లోరైడ్‌తో నడుము, మోకాళ్లు బిగుసుకుపోయిన ఆడవాళ్ల కాన్పుల సంగతి ఎవరికైనా తెలుసా?

లేబర్‌రూమ్ సిస్టర్

అది వేరే చర్చ పెట్టండి అన్నా, ఇందులో కలిస్తే రెండూ గందరగోళం అవుతాయి. పెడితే నేను వచ్చి రాస్తాను.

వనపర్తి వాసి

కాలిన గాయాలవాళ్ల గురించి ఎవరూ రాయలేదు. నాకు గ్యాస్ లీకై ఛాతీ, పొట్ట కాలాయి. పొట్ట మీద చర్మం సాగదు కదా, బిడ్డ లోపల ఎలా పెరుగుతుందని మా అమ్మ రోజూ ఏడ్చేది. బిడ్డ బాగానే పెరిగింది, సాగలేక ఇబ్బంది పడింది చర్మమే. దురద, సన్నటి పగుళ్లు, కొబ్బరి నూనె రాస్తూనే ఉండేదాన్ని. మచ్చలు మెత్తబడేదాకా, అంటే ఏడాది పైన, ఆగమన్నారు, ఆగాం. మెడ దగ్గర చర్మం ముడుచుకుపోయినవాళ్లు మత్తు డాక్టరుకు ముందే చూపించుకోవాలి, పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే గొంతులో గొట్టం వేయడం కష్టమవుతుంది. ఒక వైపు చనుమొన లేదు నాకు. ఆ వైపు పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది, కొన్ని రోజులకు ఆ పాలు ఇంకిపోయాయి. రెండో వైపు పాలతోనే పాప పెరిగింది.

గద్వాల

నాకు మోకాలి కింద కాలు లేదు, జైపూర్ కాలు వాడతాను. కాన్పుకు దానితో సంబంధం లేదు. బరువు పెరిగి, మిగిలిన కాలు వాచి సాకెట్ పట్టలేదు. చివర్లో వాకర్ వాడాను. పడిపోతాననే భయం తప్ప ఇంకేం లేదు.

తలకు దెబ్బ

తలకు దెబ్బ తగిలి ఫిట్స్ మాత్రలు వాడేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వాల్‌ప్రోయేట్ అయితే నెల తప్పకముందే డాక్టరును కలిసి మార్పించుకోవాలి, బిడ్డకు అవకరాలు రావచ్చు. తెలిసిన వెంటనే మీ అంతట మీరే ఆపేస్తే ఫిట్స్ వచ్చి ఇంకా ప్రమాదం.

జడ్చర్ల లాయరమ్మ

డాక్టరమ్మ అన్న మాట గురించి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 10 చూడండి. పిల్లల గురించి, కుటుంబ నియంత్రణ గురించి సరైన సమాచారం పొందే హక్కు మీకుంది. మీరు అర్థం చేసుకుని ఒప్పుకోకుండా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయకూడదని కూడా అందులోనే ఉంది. సెక్షన్ 92 ప్రకారం మీ స్పష్టమైన అనుమతి లేకుండా గర్భం పోయేలా చికిత్స చేస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు. వైకల్యం తీవ్రంగా ఉండి, డాక్టరు అభిప్రాయం, సంరక్షకుల అనుమతి రెండూ ఉన్న కేసులకు మినహాయింపు పెట్టారు. నాకు ఆ మినహాయింపు మీద అభ్యంతరం ఉంది కానీ చట్టం అదే.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఆపరేషన్ కాన్పు అయినప్పుడు "ఎలాగూ కోశాం కదా, ఫ్యామిలీ ప్లానింగ్ కూడా చేసేద్దామా" అని అడిగి ఇంట్లోవాళ్లతో సంతకం పెట్టించే అలవాటు ఉంది. సంతకం మీది కావాలి. మీకే వద్దనిపిస్తే అదీ మీ ఇష్టమే. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత వైకల్యం ఎక్కువగా ఉన్న మహిళలకు గర్భస్రావం గడువు 24 వారాలు.

కొండమల్లేపల్లి చెల్లె

అందరివీ మా ఆయనకు చదివి వినిపించాను. అత్తమ్మ కూడా విన్నది. తొట్టెల తాడు దగ్గర "అట్ల గూడ కట్టుకోవచ్చా" అంది, అంతే, ఇంకేం అనలేదు.

రెండు అడగాలి. ఏ ఆస్పత్రికి పోవాలి? కాన్పు అయ్యాక ఏ జాగ్రత్తలు?

లేబర్‌రూమ్ సిస్టర్

చెకప్‌లు నల్గొండ ప్రభుత్వాసుపత్రిలో మొదలుపెట్టొచ్చు. ప్రతి నెల 9న గర్భిణులకు స్పెషల్ చెకప్ ఉంటుంది, ఆ రోజు రద్దీ ఎక్కువ కాబట్టి వీల్‌చైర్‌తో ముందే చేరుకో. 102 వాహనం అడుగు, ఆశ దగ్గర నంబరు రాయించుకో. కాన్పుకు మాత్రం కాన్పులు ఒక్కటే చూసే ఆస్పత్రి కంటే అన్ని విభాగాలూ ఒకే చోట ఉన్నది నయం. ప్రసూతి, మత్తు, యూరాలజీ, న్యూరో, ఐసీయూ, పిల్లల విభాగం ఉండాలి. ప్రభుత్వంలో అయితే హైదరాబాద్ గాంధీ ఆస్పత్రి అలాంటిది. ఆరో నెలలోపే ఫైలుతో ఒకసారి పోయి, మత్తు డాక్టరుకు చూపించుకుని రా.

ఒక కాలు మాత్రమే వాస్తే అదే రోజు ఆస్పత్రికి రావాలి. కదలని కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కడుపుతో ఉన్నప్పుడు, కాన్పు అయ్యాక ఇంకా ఎక్కువ. కొందరికి రక్తం పలచబడే ఇంజెక్షన్లు కాన్పు తర్వాత కూడా కొనసాగిస్తారు. ఐరన్ మాత్రలతో విరేచనం గట్టిపడుతుంది, నీ విరేచనం టైమ్ తప్పనివ్వకు.

పాలమూరు బిడ్డ

కాన్పు తర్వాతి సంగతి నేను చెప్తా, ఎందుకంటే అది డాక్టర్ల చేతిలో ఉండదు, ముసలమ్మల చేతిలో ఉంటుంది. తల్లిగారింటికి పోతే బాలింతకు సలసల కాగే నీళ్లు పోస్తారు, మంచం కింద కుంపటి పెడతారు. నీకు నడుము కింద వేడి తెలియదు. చర్మం ఊడిపోయినా తెలియదు. నీళ్లు వాళ్లు మోచేతితో చూసి పోయాలి, కుంపటి అసలు వద్దు. బాలింత నీళ్లు ఎక్కువ తాగొద్దంటారు, మన యూరిన్‌కు అది విషం, నువ్వు తాగుతూనే ఉండు. నడికట్టు నాలాంటి పై దెబ్బవాళ్లకు బీపీ లేపుతుంది, నీకు కూడా మడతలు పడి పుండు చేస్తుంది, కట్టనివ్వకు. నులక మంచం మీద పడుకోబెట్టొద్దు, గాలి పరుపు తీసుకుపో. పాలిస్తూ ఒకే భంగిమలో గంటసేపు కూర్చుంటావు, అక్కడే పుండు పడుతుంది. నేను పడుకుని పక్కకు తిరిగి ఇచ్చేదాన్ని, అలా ఒత్తిడి కూడా మారేది. రాత్రి రెండు గంటలకోసారి ఎటూ బాబు లేపుతాడు కాబట్టి అప్పుడే తిరిగి పడుకునేదాన్ని.

పాలు నీకు ఇబ్బంది ఉండకపోవచ్చు. రొమ్ము స్పర్శ డి4 దగ్గర, నీది దానికి చాలా కింద. నాకు పాలు దిగడానికి కొంత టైమ్ పట్టింది.

కొండమల్లేపల్లి చెల్లె

అక్కా, గాలి పరుపు కరెంటు పోతే దిగిపోతుంది కదా, మా ఊళ్లో రాత్రిళ్లు కరెంటు పోతుంది.

పాలమూరు బిడ్డ

మోటారు పరుపు అయితే దిగుతుంది. గాలి నింపి మూత పెట్టేసే చేతి పంపు రకం ఉంటుంది, సర్జికల్ షాపులో అడుగు, అది తీసుకో. అడుగున ఒక మందపాటి ఫోమ్ కూడా వేయి, గాలి దిగినా తెల్లారేదాకా ఆగుతుంది.